కరెంటు పోయే ఎండాకాలం: ఇన్వర్టరా, సోలారా, జనరేటరా... దేనికి ముందు డబ్బు పెట్టాలి?

పోయిన మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక అమ్మ ఫోన్ చేసింది. అమ్మానాన్నలు ఉండేది సత్తెనపల్లి దగ్గర పల్లెలో, ఒంటి అంతస్తు స్లాబు ఇల్లు. సాయంత్రం గాలిదుమారం లేచి ఎక్కడో తీగ తెగింది. ఏడింటికి పోయిన కరెంటు ఇంకా రాలేదు. "మీ నాన్న మంచం వాకిట్లోకి లాక్కున్నారు గానీ దోమలు పడుకోనివ్వట్లేదు. నేను లోపల గచ్చు మీద నీళ్లు చల్లుకుని పడుకుందామంటే ఆ నీళ్లే వేడెక్కిపోతున్నాయమ్మా" అంది. నాన్నకు డెబ్బై రెండు. షుగరు, ఇన్సులిన్ వేసుకుంటారు. కాకినాడలో అపార్ట్‌మెంటులో కూర్చుని ఆ మాట విన్నాక నాకూ ఆ రాత్రి నిద్ర లేదు.

వారం తిరక్కుండా నాన్న ఒక షాపుకు వెళ్లి కొటేషన్ తెచ్చారు. పెద్ద ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు, మొత్తం 52 వేలు. షాపతనితో ఫోన్లో మాట్లాడి ఒకటే అడిగాను, "ఎన్ని వాట్లకు లెక్క కట్టారండీ?" అని. "ఇల్లంతా నడుస్తుంది మేడం, టెన్షన్ పెట్టుకోకండి" అన్నాడు. అంటే లెక్క కట్టలేదన్నమాట. ఆ లెక్క మేమే వేసుకున్నాం. రెండు బ్యాటరీలతో ఎంతసేపు ఫ్యాన్లు తిరిగేవో, ఇంచుమించు అంతసేపూ తిరిగే ఏర్పాటు 35 వేల లోపే కుదిరింది. అందులో మూడు కొత్త ఫ్యాన్లు, పైకప్పుకు సున్నం ఖర్చు కూడా ఉన్నాయి.

అదే ఏర్పాటు మీ ఇంటికీ సరిపోతుందని నేను చెప్పను. మా కాకినాడ ఫ్లాటుకే అది కుదరలేదు. ఏది ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ డబ్బు వృథా అవుతుందో మాత్రం ఈ రెండిళ్ల అనుభవంతో చెప్పగలను.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

కరెంటు ఎప్పుడు పోతోంది, ఎంతసేపు? ఇది ఊహించి చెప్పొద్దు. గోడ మీది క్యాలెండర్లో పది రోజులు రాయండి. లైన్ల పనుల కోసం ముందే చెప్పి పొద్దున తీసేసే కరెంటు ఒక రకం. రాత్రి పదికి అందరూ ఏసీలు వేశాక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోవడం ఇంకో రకం. గాలివానకు చెట్టు కొమ్మ తీగల మీద పడి అయిదారు గంటలు పోవడం మూడోది. మొదటిదానికి కిటికీలు మూసి, తడిగుడ్డ కట్టుకుని ఎలాగో నెట్టుకొస్తాం. రాత్రిపూట పోయే రెండు రకాలకే అసలు ఏర్పాటు కావాలి. పగలు ఎండ దెబ్బ తిన్న ఒంటికి రాత్రి చల్లబడే అవకాశం దొరక్కపోతే మర్నాడు తట్టుకోవడం కష్టం. పెద్దవాళ్లకైతే ప్రాణం మీదికి వస్తుంది. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు.

మీ ఊరి వేడి పొడిదా, ఉక్కదా? రెంటచింతల, మాచర్ల, రామగుండం, నిజామాబాద్, కర్నూలు, అనంతపురం వైపు వేడి పొడిది. చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ, నెల్లూరు వైపు ఉక్క. అక్కడ 37 డిగ్రీలున్నా లోపలి ఊర్ల 42 కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కూలరు కొనాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

ఇంట్లో ఎవరున్నారు? ఇన్సులిన్, నెబ్యులైజరు, ఆక్సిజన్ మెషిన్ లాంటివి ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. పసిపిల్లలు, బాలింతలు ఉన్నా అంతే.

సొంతిల్లా, అద్దిల్లా? అద్దెకుండేవాళ్లు గోడలు తవ్వి వైరింగ్ చేయించుకోలేరు, పైకప్పు మీద ప్యానళ్లు పెట్టుకోలేరు. ఇల్లు మారేటప్పుడు పట్టుకెళ్లగలిగేవే కొనాలి.

ఎన్ని వాట్లు కావాలి? అందరూ వదిలేసేది ఇదే. నాకు బాగా నచ్చిన పనీ ఇదే.

## మీటరు దగ్గర ఒక నిమిషం

కరెంటు మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన 3200 అనో 1600 అనో ఒక అంకె రాసి ఉంటుంది. ఆ లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. కరెంటు పోయినప్పుడు ఏవి నడవాలనుకుంటున్నారో వాటినే వేసి మిగతావన్నీ కట్టేయండి. ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేయండి. ఇప్పుడు సరిగ్గా ఒక నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. 3200 మీటరైతే ఒక్కో మెరుపుకూ ఇంచుమించు 19 వాట్లు వేసుకోండి. 1600 మీటరైతే దానికి రెట్టింపు.

మా ఇంట్లో అమ్మ గడియారం పట్టుకుంది, నాన్న మీటరు ముందు నిలబడి వేళ్లు మడిచారు. మూడు ఫ్యాన్లు, ఒక ట్యూబులైటు, మూడు బల్బులు, వైఫై రూటరు. నిమిషానికి పదిహేను మెరుపులు. అంటే 280 వాట్లు. "ఇల్లంతా" అన్న మాటకు అసలు లెక్క అంతే. షాపతను ఇవ్వజూపిన ఇన్వర్టరు దానికి నాలుగైదు రెట్లు మోస్తుంది.

లెక్కపెట్టే ఓపిక లేకపోతే ఈ పట్టికతో సరిపెట్టుకోవచ్చు.

| వస్తువు | ఇంచుమించు వాట్లు |
|---|---|
| పాత రకం సీలింగ్ ఫ్యాను | 75 |
| బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు) సీలింగ్ ఫ్యాను | 28–35 |
| ఎల్ఈడీ బల్బు | 9 |
| ఎల్ఈడీ ట్యూబు | 20 |
| వైఫై రూటరు | 10 |
| 32 అంగుళాల టీవీ | 50 |
| ఫ్రిజ్ (కంప్రెసర్ నడిచేటప్పుడు) | 100–200 |
| కూలరు | 150–200 |
| 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ | 300–350 |
| ఒకటిన్నర టన్ను ఏసీ | 1,400–1,700 |

ఫ్రిజ్, నీళ్ల మోటారు మొదలయ్యే క్షణంలో ఇంతకు కొన్ని రెట్లు లాగుతాయి. చిన్న ఇన్వర్టర్ మీద వాటిని వేయగానే అది ఓవర్‌లోడ్ అని కూత పెట్టి ఆగిపోతుంది.

## ముందు ఫ్యాన్లు, తర్వాతే బ్యాటరీ

బీఎల్‌డీసీ ఫ్యాన్లకు కరెంటు నిల్వతో సంబంధం లేదు కదా, వాటి మాట ముందే ఎందుకు అని మీకు అనిపించొచ్చు. లెక్క చూడండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) బ్యాటరీ 12 వోల్టులది. గుణిస్తే 1,800 వాట్ అవర్లు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్లో కొంత పోతుంది. చేతికి వచ్చేది 1,200 దగ్గర. మా పాత 280 వాట్ల లోడుకు అది నాలుగు గంటలు. మూడు ఫ్యాన్లు మార్చాక మీటరు నిమిషానికి ఏడెనిమిది సార్లే మెరిసింది, అంటే 145 వాట్ల దగ్గర. అదే బ్యాటరీ ఎనిమిది గంటలకు పైగా వస్తుంది. లైట్లు ఆర్పి పడుకుంటే ఇంకా ఎక్కువ. రెండో బ్యాటరీ చేయాల్సిన పని ఫ్యాన్లు చేసేశాయి. కరెంటు ఉన్న రోజుల్లో కూడా అవి మిగులుస్తూనే ఉంటాయి. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మార్చితే నెలకు ఒక్కోదానికి ఇంచుమించు 20 యూనిట్లు తగ్గుతాయి.

తెలంగాణలో 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద ఉన్నవాళ్లకు ఈ 20 యూనిట్లు మరీ ముఖ్యం. 200 యూనిట్లు దాటిన నెలకు బిల్లు కట్టాల్సిందే. దాటేది సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లోనే. మూడు ఫ్యాన్లు మార్చితే 60 యూనిట్లు దిగొస్తాయి.

పల్లెల్లో ఇంకో లాభం ఉంది. సాయంత్రం లో వోల్టేజీకి పాత ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేలా తిరుగుతుంది. బీఎల్‌డీసీ అదే వేగంతో తిరుగుతుంది. ఇబ్బంది కూడా చెప్పాలి. పాత ఫ్యాను కాలిపోతే ఊళ్లో వైండింగ్ చేసే అతను ఒక్క రోజులో బాగు చేసి ఇస్తాడు. దీంట్లో సర్క్యూట్ బోర్డు పోతే కంపెనీ మనిషి రావాల్సిందే. అందుకే మండల కేంద్రంలోనో దగ్గరి పట్నంలోనో సర్వీస్ ఉన్న కంపెనీదే కొనండి, బోర్డుకు వారంటీ ఎన్నేళ్లో బిల్లు మీద రాయించుకోండి. ధర 2,500 నుంచి 3,500 దాకా ఉంటుంది. అన్నీ ఒకేసారి మార్చలేకపోతే పడుకునే గదివి మార్చండి చాలు.

## ఒక్కో దారిని పక్కపక్కన పెడితే

| దారి | ఖర్చు (ఇంచుమించు) | ఎంతసేపు | ఎక్కడ బాగుంటుంది | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|---|
| చార్జింగ్ ఫ్యాను + రూటరుకు చిన్న యూపీఎస్ | 4–6 వేలు | 3–4 గంటలు | అద్దిల్లు, హాస్టలు, ఒకరిద్దరు | ఒక్క మంచానికే గాలి |
| ఇన్వర్టర్ + 150 ఏహెచ్ ట్యూబులర్ (నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ | 20–27 వేలు | 4–8 గంటలు | ఎక్కువ ఇళ్లకు | నీళ్లు పోయాలి, చార్జింగుకు టైం పడుతుంది |
| లిథియం బ్యాటరీ ఇన్వర్టర్ | పైదానికి రెట్టింపు దాకా | అంతే | చోటు లేని ఫ్లాట్లు, తరచూ కోతలుండే చోట్లు | మొదటి ఖర్చు |
| చిన్న జనరేటర్ | 25 వేల నుంచి | పెట్రోలు ఉన్నంతసేపు | నీళ్ల మోటారు, తుపాను రోజులు | చప్పుడు, పొగ, ప్రమాదం |
| ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే) సోలార్ | సబ్సిడీ పోను లక్ష అటూ ఇటూ (3 కిలోవాట్లు) | కరెంటు పోతే సున్నా | బిల్లు ఎక్కువ వచ్చే సొంతిళ్లు | కోతకు పనికిరాదు |
| ప్యానల్ + సోలార్ ఇన్వర్టర్ + బ్యాటరీ | 40–55 వేలు | 8 గంటలు, పగలు మళ్లీ నిండుతుంది | పగలంతా కరెంటు లేని పల్లెలు | కప్పు మీద చోటు, తుడవడం |

### ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ

మా ఊరికి చివరికి ఎంచుకున్నది ఇదే. ఒక ప్యూర్ సైన్‌వేవ్ (లైన్లో వచ్చేలాంటి కరెంటే ఇచ్చే) ఇన్వర్టరు, ఒక టాల్ ట్యూబులర్ బ్యాటరీ. స్క్వేర్‌వేవ్ రెండు వేలు తక్కువకు వస్తుంది. దాని మీద ఫ్యాన్లు రొద పెడతాయి, కొన్ని బీఎల్‌డీసీ ఫ్యాన్లు సరిగా పనిచేయవు. ఆ రెండు వేలు మిగుల్చుకోవద్దు.

కొనేటప్పుడు ఎవరూ చెప్పనిది చార్జింగ్ సంగతి. ఖాళీ అయిన 150 ఏహెచ్ బ్యాటరీ నిండడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. రాత్రి అయిదు గంటలు, పగలు నాలుగు గంటలు, మళ్లీ సాయంత్రం మూడు గంటలు కరెంటు పోయే ఊళ్లో అది ఎప్పుడూ నిండదు. సగం చార్జింగుతోనే వాడీ వాడీ ఏడాదిన్నరకే బ్యాటరీ చచ్చిపోతుంది, "మోసపోయాం" అనుకుంటాం. అలాంటి చోట పెద్ద బ్యాటరీ కొన్నా నిండేదాకా టైం దొరకదు. తొందరగా నిండే లిథియమో, పగలు ఎండతో నింపే ప్యానలో చూసుకోవాలి.

పెట్టే చోటు గురించి నాన్నతో నాకు కొంచెం వాదన జరిగింది. ఆయన మెట్ల కింద అన్నారు. అక్కడ పడమటి ఎండ పడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండాల్సిన వేడి కంటే పది డిగ్రీలు ఎక్కువలో ఉంటే దాని ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. పడకగది అల్మారాలోనూ వద్దు, చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, గాలి ఆడాలి. వంటింటి వెనక వసారాలో ఉత్తరపు గోడ పక్కన, నేల మీద కాకుండా అడుగున్నర ఎత్తు దిమ్మ మీద పెట్టాం. వరద నీళ్లు వచ్చే వీధుల్లో ఉండేవాళ్లు ఇంకా ఎత్తు చేసుకోండి. డిస్టిల్డ్ వాటర్ మామూలుగా రెండు మూడు నెలలకోసారి చూస్తే చాలు, ఎండాకాలంలో మాత్రం నెల నెలా చూడాలి. బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు పోయకండి.

### లిథియం

కాకినాడ ఫ్లాటులో మేం తీసుకున్నది ఇది. బాల్కనీ తప్ప చోటు లేదు, ఆ బాల్కనీలో బట్టలారేస్తాం. లిథియంది గోడకు తగిలించేశారు. నీళ్లు పోసే పని లేదు, యాసిడ్ కారదు, నాలుగైదు గంటల్లో నిండుతుంది. ట్యూబులర్ కంటే ఎక్కువ ఏళ్లు వస్తుంది. రోజూ కోతలున్న చోట దీని ఖర్చు మెల్లగా తిరిగొస్తుంది. నెలకు నాలుగుసార్లు అరగంట పోయే చోట అంత డబ్బు పెట్టక్కర్లేదు. నిజం చెప్పాలంటే మా ఫ్లాటుకు లెక్క ప్రకారం ట్యూబులరే చాలు. చోటు లేక తీసుకున్నాం.

### జనరేటరు

ఇళ్లకు నేను దీన్ని సలహా ఇవ్వను. రెండు సందర్భాలు తప్ప: బోరు మోటారు తిరగకపోతే తాగడానికి కూడా నీళ్లు లేని ఇల్లు, తుపాను దారిలో ఉండే తీర గ్రామం. 2010 మేలో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఎండాకాలంలోనూ తుపాన్లు వస్తాయి. లైన్లు నేలకూలితే రోజుల తరబడి కరెంటు రాదు, అప్పుడు ఏ బ్యాటరీ సరిపోదు.

కొంటే రెండు మాటలు గట్టిగా గుర్తుపెట్టుకోండి. దాన్ని ఇంట్లో, వరండాలో, కిటికీ పక్కన నడపొద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండోది, ప్లగ్గు పాయింటులో గుచ్చి ఇంటికి కరెంటు ఇవ్వొద్దు. ఇంటిని లైను నుంచి విడదీసి జనరేటరుకు కలిపే చేంజోవర్ స్విచ్ పెట్టించండి. లేకపోతే మీ కరెంటు వెనక్కి లైన్లోకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది.

### సోలార్: చాలామంది పొరబడేది ఇక్కడే

"పైన ప్యానళ్లు పెట్టించాం, ఇంక కోత బాధ లేదు" అనుకుని, మొదటి కోత రోజే కంగుతిన్న వాళ్లు మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు. ఆన్‌గ్రిడ్ సోలార్ లైన్లో కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. లైను ఆగిన మరుక్షణం ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే. ఇందాక చెప్పిన లైన్‌మన్ క్షేమం కోసమే ఆ ఏర్పాటు. లోపం కాదు.

ఆన్‌గ్రిడ్ బిల్లు తగ్గించుకోవడానికి. అందుకైతే చాలా మంచిది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆ పైన ఎంతైనా 78 వేలు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. అపార్ట్‌మెంట్ సంఘాలకు లిఫ్టు, మోటారు లాంటి ఉమ్మడి అవసరాల కోసం కిలోవాటుకు 18 వేలు. ఒక్కో కిలోవాటుకు కప్పు మీద ఇంచుమించు వంద చదరపు అడుగులు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. ఏసీలు వేసుకుని నెలకు మూడు నాలుగు వందల యూనిట్లు కాల్చే ఇంటికి డబ్బు కొన్నేళ్లలో తిరిగొస్తుంది. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇంటికి తిరిగొచ్చేదేముంది? ఆ డబ్బు ఫ్యాన్లకూ బ్యాటరీకీ పెట్టుకోవడం మేలు.

కోతకు కావాలంటే లైనుతోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ అడగాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. చిన్నగా చేసుకునే దారీ ఉంది. ఒక సోలార్ ఇన్వర్టరు, 150 ఏహెచ్ బ్యాటరీ, ఒక 400 వాట్ల ప్యానలు. ఎండాకాలపు రోజులో ఆ ప్యానలు ఒక్కటే బ్యాటరీని చాలావరకు నింపేస్తుంది. పగలు కరెంటు రాకపోయినా రాత్రికి ఫ్యాన్లు తిరుగుతాయి. దీనికి ఆ సబ్సిడీ రాదు. మామూలు ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ప్యానల్ని దానికి నేరుగా తగిలించకుండా మధ్యలో బ్యాటరీకి వెళ్లే చార్జింగును అదుపు చేసే చార్జ్ కంట్రోలర్ పెట్టించాలి.

## కరెంటుతో పని లేని చల్లదనం

సున్నం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి మా స్లాబుకు కింది నుంచి అరచెయ్యి ఆనించాను. అప్పుడే దించిన అట్లపెనం పక్కన చెయ్యి పెట్టినట్టుంది. సూర్యుడు పోయి మూడు గంటలైనా కప్పు ఇంకా వేడి కక్కుతోంది. ఆ వేడి కింద ఫ్యాను తిరిగితే ఆ వేడి గాలే మొహం మీద పడుతుంది. సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించాక అదే వేళకు అదే చోట చెయ్యి పెట్టాను, గోరువెచ్చగా ఉంది. ఖర్చు కూలీతో కలిపి రెండున్నర వేలు. ఫిబ్రవరి, మార్చిలో వేయించుకోండి, వానలకు పోతుంది కాబట్టి ఏటా వేయాలి. ఎక్కువ ఏళ్లు ఉండాలంటే ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ వేయించుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీదే ఒక పాలసీ తెచ్చింది. అపార్ట్‌మెంట్లో పై అంతస్తు వాళ్లు సంఘాన్ని ఒప్పించడమే కష్టం, కింది వాళ్లకు ఆ వేడి తెలియదు. డాబాకు పడమటి వైపు తాటాకు పందిరో, షేడ్ నెట్టో కూడా అంతే మేలు చేస్తుంది.

కూలరా, ఏసీనా అన్న ప్రశ్నకు జవాబు ఊరిని బట్టి. పొడి వేడి ఉన్న చోట కూలరే నా ఓటు. 150–200 వాట్లే కాబట్టి ఇన్వర్టర్ మీద మూడు నాలుగు గంటలు నడుస్తుంది, ఏసీ నడవదు. వెనక కిటికీ తెరిచి, ఎదుట ఇంకో కిటికీ ఓరగా పెట్టాలి. తలుపులన్నీ మూసి కూలరు వేస్తే గది ఆవిరిగదే. రాత్రికి 40, 50 లీటర్ల నీళ్లు తాగేస్తుంది, ఎండాకాలం నీళ్లకు కటకట ఉన్న వీధుల్లో అదీ ఆలోచించాలి. మా కాకినాడలో కూలరు కొని రెండేళ్లు దాచి చివరికి మా ఊరికి పంపించాం. గాలిలోనే తేమ నిండి ఉంటే ఇంక నీళ్లు ఆవిరయ్యేదెక్కడ? తీరం వాళ్లకు ఏసీ ఉంటే ఏసీ, లేకపోతే ఎదురెదురు కిటికీలు, ఫ్యాను. ఏసీని 26లో పెట్టి ఫ్యాను తిప్పుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీదా భారం తగ్గుతుంది. మన వీధి ఫ్యూజు పోయేది మనందరం ఒకేసారి 18లో పెట్టినప్పుడే. కరెంటు తిరిగి వచ్చాక ఏసీ, ఫ్రిజ్ వెంటనే వేయకండి. వోల్టేజీ నిలకడయ్యే దాకా అయిదు నిమిషాలు ఆగండి.

## మీరు ఏ రకం?

అద్దిల్లు, ఇద్దరు ముగ్గురు, కోత గంటా రెండు గంటలు: మంచానికొక చార్జింగ్ ఫ్యాను, రూటరుకు చిన్న యూపీఎస్. చార్జింగ్ ఫ్యాన్లను నెలల తరబడి ఖాళీగా మూల పడేస్తే బ్యాటరీ పాడవుతుంది, చలికాలంలో కూడా నెలకోసారి చార్జ్ చేయండి.

సొంతిల్లు, పల్లె, పెద్దవాళ్లు, రాత్రి కోతలు: సున్నం, పడకగది బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఒక ట్యూబులర్ బ్యాటరీ. ఆ వరసలోనే. పగలు కూడా గంటల తరబడి పోతుంటే ఒక ప్యానలు కలపండి.

అపార్ట్‌మెంట్: ముందు సంఘం జనరేటర్ మీ ఫ్లాటులో ఏ పాయింట్లకు ఇస్తోందో కనుక్కోండి. చాలా చోట్ల ఒక ఫ్యాను, రెండు లైట్లు వస్తాయి. ఆ ఫ్యాను హాల్లోది అయితే ఎలక్ట్రీషియన్ చేత పడకగదికి మార్పించుకుంటే కొన్నిసార్లు అదే సరిపోతుంది, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

ఇంటి నుంచి ఉద్యోగం: లాప్‌టాప్‌కు దాని బ్యాటరీ ఉంటుంది, పోయేది వైఫై. పదిహేను వందల యూపీఎస్ చాలు. ఫైబర్ బాక్సు విడిగా ఉంటే దానికీ కరెంటు కావాలని మర్చిపోకండి.

ఆక్సిజన్ మెషిన్ మీద ఉన్నవాళ్లు: ఇక్కడ డబ్బు లెక్క చూడొద్దు. ఆ మెషిన్‌కు విడిగా పెద్ద ఇన్వర్టర్ లైను, దానితో పాటు నిండిన సిలిండరు ఒకటి ఇంట్లో ఉండాలి. ఎంత ప్రవాహం, ఎన్ని గంటలకు సరిపోతుందన్నది డాక్టరుతో ముందే మాట్లాడి రాసిపెట్టుకోండి. మీ సబ్‌స్టేషన్‌లో ఇంట్లో రోగి ఉన్నారని చెప్పి ఉంచండి.

## ఏదీ పనిచేయని రాత్రికి

ఫ్రిజ్ తలుపు తెరవకపోతే నాలుగు గంటల దాకా చల్లదనం ఉంటుంది. వాడుతున్న ఇన్సులిన్ సీసా 30 డిగ్రీల లోపు బయటే ఉండొచ్చు గానీ మే నెలలో మన గదులు 36 దాటుతాయి. నాన్న చేసేది: సీసాను చిన్న స్టీలు డబ్బాలో మూత పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక పోసిన మట్టి కుండలో ఉంచి, కుండకు తడిగుడ్డ చుట్టి నీడలో గాలి తగిలే చోట పెడతారు. పొడి ఊళ్లలో ఇది బాగా పనిచేస్తుంది. తీరంలో అంతగా చల్లబడదు, అక్కడ చల్లటి నీళ్ల ఫ్లాస్కు మేలు. మంచుగడ్డకు ఇన్సులిన్ తగలనివ్వొద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

గాలి 40 దాటి ఉంటే ఫ్యాను ఒక్కటే చల్లబరచదు, వేడిగాలి మీదకు కొడుతుంది. ఒంటిని, గుడ్డను తడుపుకుంటూ ఫ్యాను కింద ఉండండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో టీస్పూనుతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఎక్కడున్నామో తెలియనట్టు మాట్లాడుతుంటే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వచ్చేలోగా ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ ఉండండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

కరెంటు ఫిర్యాదుకు 1912 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. సర్వీస్ నంబరు అడుగుతారు, చీకట్లో బిల్లు వెతుక్కోకుండా మీటరు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. మా ఇంట్లో నాన్న దాన్ని బొగ్గుతో రాశారు. ఆ కిందే బ్యాటరీలో నీళ్లు పోసిన తేదీలు కూడా రాస్తున్నారు. ఇప్పటికి నాలుగు తేదీలయ్యాయి.